లేని మాటకు అర్థం

బస్సు తాళాలగుత్తి ప్రిన్సిపాల్ బల్ల మీద గల్లున పడింది.

"ఇంక ఇవి నీ చేతికి రావు నగేష్," అన్నాడు సుజిత్ సార్. "పోలీసులు బయల్దేరారు. వాళ్ళొచ్చేలోపు నిజం చెప్పావా, నీకే మంచిది."

నగేష్ ఖాకీ చొక్కా పై గుండీ తెగి దారానికి వేలాడుతోంది. పార్కింగ్ దగ్గర్నుంచి ఇక్కడిదాకా ఇద్దరు సెక్యూరిటీ వాళ్ళు చెరో రెక్కా పట్టుకుని లాక్కొచ్చారు అతన్ని, కాలేజీ పిల్లలంతా చూస్తుండగా. అతను కూతురి వైపు ఒకసారి చూసి తల దించుకున్నాడు. గోడకానుకుని నిలబడ్డ బిందు మెడలో పోటీ బ్యాడ్జి ఇంకా అలాగే ఉంది.

"ఏం నిజం జెప్పాలె సారూ?" అన్నాడు నగేష్. "బండి నడిపిన. గంతే."

"బండి ఆపి సంచీ తెరిచావు. కాగితం ఫోటో తీసి కూతురికి పంపావు."

"నా ఫోను మీ చేతులనే ఉంది. సూసుకోన్రి."

"చూశాం. ఉంచుకుంటావా ఏంటి? తుడిచేసి ఉంటావు."

"ఉంటె దొంగనంటిరి. లేకుంటె తుడిసేసిన దొంగనంటిరి. ఇగ నేనెట్ల బతకాలె సార్?"

  కాసేపటి క్రితం ఇదే కాలేజీ బిందు పేరు పెట్టి ఈలలు వేసింది.

కండ్లకోయలో హైవే పక్కనున్న ఆ ఇంజనీరింగ్ కాలేజీలో ఆ రోజు పాత ఇంగ్లీషు మాటల పోటీ. జనం నోళ్ళలోంచి ఎప్పుడో జారిపోయిన మాటలు తెర మీద పడతాయి. ముందు బజర్ నొక్కి అర్థం చెప్పినవాళ్ళకు మార్కులు. చుట్టుపక్కల కాలేజీలన్నీ పిల్లల్ని పంపాయి. ఫైనల్‌కి వచ్చేసరికి సొంత కాలేజీ తరఫున బిందు ఒక్కతే మిగిలింది.

'గొంగూజ్లర్' అని పడగానే, "కాలువ గట్టున నిలబడి పోయే పడవల్ని పనీపాటా లేకుండా చూసేవాడు" అంది. 'గ్రోక్' అంటే, "ఎదుటివాడు తింటుంటే మనకీ పెడతాడేమోనని నోరు తెరవకుండా కళ్ళప్పగించి చూడటం" అంది. 'ఓవర్‌మారో' పడ్డప్పుడు నవ్వేసింది. "ఎల్లుండి సార్. ఇంగ్లీషోళ్ళు పారేసుకున్నరు, మనకింకా ఉంది." హాలంతా గోలగోలగా చప్పట్లు.

ఆ తర్వాత పడింది ఆ మాట. ట్రాంబర్‌విక్.

పక్క కాలేజీ కుర్రాడు బుర్ర గోక్కున్నాడు. ఇంకో అమ్మాయి బజర్ మీంచి చెయ్యి తీసేసింది. బిందు మాత్రం ఆలోచించనైనా లేదు. "ఎక్కాల్సిన గుర్రబ్బండి వెళ్ళిపోతుంటే చెయ్యి ఊపుకుంటూ దాని వెనక పరిగెత్తేవాడు!"

చప్పట్లు మొదలయ్యాయి. న్యాయనిర్ణేత చక్రపాణి గారు మాత్రం కొట్టలేదు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, మైకు దగ్గరికి లాక్కున్నారు.

"ఈ మాట ఇంగ్లీషులో లేదు," అన్నారాయన. "ఏ కాలంలోనూ లేదు. మా ఇంట్లో కూర్చుని నేను పుట్టించాను. అర్థమూ నేనే పుట్టించాను. నా కాగితం బయటికి పొక్కితే తప్ప ఈ అమ్మాయికి ఇది తెలిసే వీల్లేదు."

అంతే. హాలు భగ్గుమంది. బయటి కాలేజీల వాళ్ళు కుర్చీలు తన్నుకుంటూ లేచారు. పోటీ బాధ్యుడు సుజిత్ సార్ పరుగున వచ్చి మైకు అందుకున్నాడు. "సార్‌ని పొద్దున షామీర్‌పేట నుంచి తీసుకొచ్చిన బస్సు డ్రైవర్ ఎవరో తెలుసా? ఈ అమ్మాయి తండ్రి! దొంగ దొరికాడు!"

దొంగ అన్న మాట స్పీకర్లలోంచి బయటి పార్కింగ్ దాకా వినబడింది. అక్కడ బస్సు అద్దం తుడుచుకుంటున్న నగేష్‌కి కూడా.

ఇప్పుడు అందరూ ప్రిన్సిపాల్ గదిలో ఉన్నారు. చక్రపాణి గారు కిటికీ పక్క కుర్చీలో కూర్చున్నారు. కృష్ణా జిల్లాలో ఇంగ్లీషు లెక్చరర్‌గా రిటైరై, షామీర్‌పేటలో కొత్తగా లేచిన కాలనీలో ఇల్లు కట్టుకున్న మనిషి. పాత మాటలంటే ప్రాణం.

"లేని మాట ఎందుకు పెట్టారండీ?" అడిగాడు ప్రిన్సిపాల్. ఆయన గొంతులో విసుగు. బయట నాలుగు కాలేజీల వాళ్ళు ఆయన పరువు తీయడానికి కాచుకుని ఉన్నారు మరి.

"పటాలు గీసేవాళ్ళు ఊళ్ళో లేని సందొకటి గీస్తారు. ఎవడైనా కాపీ కొడితే ఆ సందుతో సహా కొట్టి దొరికిపోతాడు. నేనూ అంతే. ప్రతి పోటీకి ఒక దొంగమాట పెడతాను. ఇన్నేళ్ళలో దానికి అర్థం చెప్పిన పిల్ల ఈ అమ్మాయే."

"ఆ సంచీ బస్సులో ఎక్కడ పెట్టారు?"

చక్రపాణి గారు నగేష్ వైపు చూశారు, చెప్పడం ఇష్టం లేనట్టు. "ఇంజన్ మూత మీద. డ్రైవర్ పక్కన. మేడ్చల్ వచ్చేదాకా కునుకు తీశాను. అబద్ధమాడలేను కదా."

సుజిత్ సార్ రెండు చేతులూ చాపి ఇంకేం కావాలన్నట్టు నిలబడ్డాడు.

"సార్, నాకా మాట ఇయ్యాల తెల్సింది గాదు," అంది బిందు. "ముందే తెలుసు."

"ఎక్కడ నేర్చుకున్నావు?"

బిందు గుర్తు తెచ్చుకోబోయింది.  రెండు నెలలుగా ఎన్ని వందల మాటలు మింగింది! లైబ్రరీలో అట్ట ఊడిన డిక్షనరీ నుంచి కొన్ని, ఫోన్‌లో వెతికి కొన్ని, సాయంత్రం కోచింగ్‌లో కొన్ని. అన్నం తిన్నాక ఏ మెతుకు ఏ గిన్నెలోదంటే ఎవరు చెప్తారు?

"యాదికొస్తలేదు సార్."

సుజిత్ సార్ ఫక్కున నవ్వాడు. "లేని మాటట, ముందే తెలుసట, ఎక్కడో గుర్తులేదట. బాగుంది తల్లీ."

అప్పుడు బిందు భుజం మీద ఒక చెయ్యి పడింది. ప్రణీత మేడం. ఇంగ్లీషు లెక్చరర్, పోటీకి బిందుని తయారుచేసిన మనిషి. గదిలో ఇప్పటిదాకా బిందు తరఫున గొంతెత్తింది ఆమె ఒక్కతే.

"సార్, ఈ పిల్ల అలాంటిది కాదు. నన్ను కాసేపు మాట్లాడనివ్వండి," అని ఆమె బిందుని పక్క గదిలోకి తీసుకెళ్ళింది.

తలుపు మూయగానే బిందు ఏడ్చేసింది. ఆపుకుందామన్నా ఆగలేదు. క్లాసులో ఆఖరి బెంచీలో కూర్చుని, ఇంగ్లీషులో నోరు విప్పితే నవ్వుతారని నోరు కుట్టేసుకున్న రోజుల్లో ఆమెను పైకి లాగింది ఈ మేడమే. తన డబ్బాలో సగం పెట్టి మరీ కోచింగ్ ఇచ్చింది. మేడం ఉద్యోగం ఇంకా తాత్కాలికమేనని, ఈసారి కాలేజీకి కప్పు తెస్తే పర్మనెంట్ చేస్తామన్నారని పిల్లలందరికీ తెలుసు. ఆ కప్పు తన చేతుల్లోంచే జారిపోయిందని బిందు బాధ.

"మేడం, మీ పేరు గూడ ఖరాబ్ జేసిన."

"నా సంగతి వదిలెయ్. ముందు మీ నాన్న సంగతి చూడు." మేడం గొంతు తగ్గించింది. "నా మాట విను. సంచీ నేనే తెరిచాను, మా నాన్నకి తెలియదు అని రాసిచ్చెయ్. నువ్వు అలియాబాద్‌లో బస్సెక్కేసరికి సంచీ అక్కడే ఉంది కదా, నమ్ముతారు. చిన్నపిల్ల చేసిన తప్పని మందలించి వదిలేస్తారు. నాన్న ఉద్యోగం నిలుస్తుంది. నేను చూసుకుంటాను."

"నేను తెరవలే మేడం."

"నాకు తెలుసు బిందూ. నువ్వు తెరవలేదని నాకు బాగా తెలుసు."

"మరి మీరే లోపటికొచ్చి చెప్పున్రి గదా."

మేడం చూపు కిటికీ వైపు తిరిగింది. "నేను చెప్తే వింటారా వాళ్ళు? పోలీసులు మీ నాన్నని జీపెక్కించాక ఎవరేం చెప్పినా ఒకటే. అలియాబాద్‌లో మీ బస్తీ అంతా ఏమంటుందో ఆలోచించు."

కిటికీలోంచి గేటు కనబడుతోంది. పోలీసు జీపు అప్పుడే లోపలికి తిరిగింది.

బిందు కళ్ళు తుడుచుకుంది. "రాస్త మేడం."

ప్రిన్సిపాల్ తెల్ల కాగితం ముందుకు తోశాడు. సుజిత్ సార్ పెన్ను మూత తీసి మరీ ఇచ్చాడు. బిందు వంగి 'నేను' అని రాసింది.

"ఏం రాస్తున్నవ్ బిడ్డా?" అన్నాడు నగేష్.

"ఏం లేదు బాపూ."

"నా మొకం జూసి చెప్పు."

ఆమె చూడలేదు. నగేష్‌కి అర్థమైపోయింది. సెక్యూరిటీ వాడు పట్టుకున్న చెయ్యి విదిలించుకుని ఒక అడుగు ముందుకేశాడు. "నా కోసం అబద్ధం రాసినవనుకో, గా కాగితం ఈడనే అందరి ముందట నమిలి మింగుత. తర్వాత నీ ఇష్టం."

తలుపు తోసుకుని ఎస్సై లోపలికొచ్చాడు. వెనక ఒక కానిస్టేబుల్. "డ్రైవర్ ఎవరు సార్?"

"వీడే," అన్నాడు సుజిత్ సార్.

"నడువు."

కానిస్టేబుల్ తండ్రి చెయ్యి పట్టుకోవడం బిందు చూసింది. పెన్ను కాగితం మీదే ఆగిపోయింది. ఆలోచించు, ఆలోచించు. ఎక్కడ విన్నావు? ఎప్పుడు?

ఆమెకు మాటలు గుర్తుండే పద్ధతి ఒకటుంది. అర్థం ఒక్కటే అయితే తలలో నిలవదు. దానికో మనిషి కావాలి. పొద్దున తండ్రి నడిపే బస్సులో కిటికీ పక్కన కూర్చుని, దారిలో కనబడ్డ మనుషులకి ఒక్కో మాట తగిలిస్తూ పోతుంది. 'పిల్‌గార్లిక్' అంటే బట్టతలవాడు. పొట్టు ఒలిచిన వెల్లుల్లిపాయలాంటి తల. ఆ మాట అనుకోగానే టీ కొట్టు ముత్తయ్య గుండు తళతళా మెరుస్తుంది. 'రేక్‌ఫైర్' అంటే పొయ్యిలో ఆఖరి నిప్పు ఆరేదాకా కదలని చుట్టం. ఆ మాటకి పెద్దమ్మ కొడుకు కాళ్ళు చాపుకుని కూర్చుంటాడు. 'ఐ సర్వెంట్' అంటే అయ్య చూస్తున్నంతసేపే పనిచేసేవాడు. కాలేజీ గేటు దగ్గర చీపురు పట్టుకుని నిలబడే మనిషి.

మరి ట్రాంబర్‌విక్?

కళ్ళు మూసుకుంది. బస్సు అలియాబాద్ దాటుతోంది. బ్యాగు ఒక భుజం మీద, తెరుచుకున్న టిఫిన్ డబ్బా ఒక చేతిలో, రెండో చెయ్యి గాల్లో ఊపుతూ, చెప్పు జారిపోతుంటే ఆగలేక వెనక్కి తిరగలేక పరిగెత్తుకొస్తున్న...

బిందు పెన్ను కింద పడేసింది.

"బాలేష్‌ను పిలిపించున్రి సార్!"

"బాలేష్ ఎవడు?" అన్నాడు ప్రిన్సిపాల్.

"ఫస్టియర్ సార్. మా బస్సే. ఒక్కసారి పిలిపించున్రి. ఆయెనక ఏం రాయమంటె గది రాస్త."

"నాటకాలు," అన్నాడు సుజిత్ సార్.

"పిలవండి," అన్నారు చక్రపాణి గారు.  ఆయన మొదటిసారి గొంతు పెంచారు. "ఎస్సై గారూ, దయచేసి కాసేపు ఆగండి. మాట నాది. పోయింది నా కాగితం."

ఎస్సై గోడ గడియారం వైపు చూసి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కానిస్టేబుల్ మాత్రం నగేష్ చెయ్యి వదల్లేదు.

బాలేష్ రావడానికి చాలాసేపు పట్టింది. బక్కపల్చటి కుర్రాడు, ల్యాబ్ కోటు సగం తొడుక్కుని, రొప్పుతూ గుమ్మంలో ఆగాడు. లోపల పోలీసుల్ని చూసి రెండడుగులు వెనక్కి వేశాడు.

"సార్, లేటైంది సార్. ఏమనకున్రి. నేనేం జెయ్యలే."

"ఎవరూ ఏమీ అనరు, రా బాబూ," అన్నారు చక్రపాణి గారు. "పొద్దున పోటీ చూశావా?"

"లేద్సార్. ల్యాబ్ల ఉన్న. రికార్డు ఇయ్యలేదని మా సారు తాళమేసి కూసోబెట్టిండు."

"మీ బస్సులో నీకేమైనా మారుపేరుందా?"

బాలేష్ చెవులు ఎర్రబడ్డాయి. బిందు వైపు కోపంగా చూశాడు. "బిందక్కా, గిది గూడ చెప్పినవా? పెద్ద సార్లందరి ముందట ఇజ్జత్ తీస్తున్నవ్."

"చెప్పురా," అంది బిందు. 

"గదేందో ఇంగ్లీషు మాట సార్. ట్రాంబర్‌విక్. రోజు బస్సెనక ఉరుకుతనని పెట్టిన్రు. ఇప్పుడు బస్సుల ఎవ్వరు నన్ను బాలేష్ అంటలేరు. డ్రైవరన్న గూడ హారన్ కొట్టి, ఓ ట్రాంబర్‌విక్, జల్దీ ఎక్కు అంటడు."

నగేష్ ముఖంలో ఇంత బాధలోనూ ఒక చిన్న నవ్వు తళుక్కుమంది. "అవ్ సార్. అంటున్న. గదేనా గీ మాట? మీరు మైకుల ఈ మాట ఈ మాట అంటె ఏదో నాకు సమజ్ గాలే."

"ఇవాళ పుట్టించిన కథ!" సుజిత్ సార్ లేచాడు. "స్టేజీ మీద విన్నారు, వాడికి చెప్పారు..."

"ఇయ్యాల గాదు సార్. పోయిన వారం నుంచి సంపుకతింటున్నరు." బాలేష్ జేబులోంచి ఫోన్ తీశాడు. "మా బస్సు వాట్సాప్ గ్రూపు సార్, సూడున్రి. ట్రాంబర్‌విక్ ఇయ్యాల గూడ మిస్, అని పెట్టిన్రు. కింద నవ్వుడు బొమ్మలు ఎన్నున్నయో సూడున్రి."

ఫోన్ ప్రిన్సిపాల్ చేతిలోంచి ఎస్సై చేతికి, ఎస్సై చేతిలోంచి చక్రపాణి గారి చేతికి వెళ్ళింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని తేదీ చూశారు. మళ్ళీ చూశారు. ఫోన్ జాగ్రత్తగా తిరిగిచ్చేశారు.

"ఆ కాగితం మా ఇంటి గడప దాటింది ఇవాళ పొద్దునే," అన్నారు నెమ్మదిగా. "నేనీ బస్సెక్కింది కూడా ఇవాళే మొదటిసారి. మాట వారం ముందే బయటికొచ్చిందంటే... ఎస్సై గారూ, ఆ మనిషి చెయ్యి వదలండి. నగేష్, నేను నోరు జారాను. నన్ను క్షమించు."

కానిస్టేబుల్ చెయ్యి తీసేశాడు. నగేష్ మణికట్టు రుద్దుకుంటూ నిలబడ్డాడు. 

"అమ్మయ్య," అన్నాడు ప్రిన్సిపాల్. "ఏదో పొరపాటు జరిగింది, తేలిపోయింది. బాలేష్, నువ్వెళ్ళు."

"తేలలేదు," అన్నారు చక్రపాణి గారు. "మా ఇంట్లోంచి పోయింది. కాగితం నా రాతబల్ల మీదే ఉంటుంది. మా ఆవిడ పార్వతీదేవి ఇంగ్లీషు ముక్క ముట్టదు. మరి ఇంటికొచ్చిందెవరు? ఈ కాలేజీ నుంచి వచ్చినవాళ్ళు ఇద్దరే. తేదీ ఖాయం చేసుకోడానికి సుజిత్ గారు వచ్చారు. ఇంకో రోజు ఆహ్వానపత్రం ఇవ్వడానికి ప్రణీత గారు వచ్చారు."

గదిలో ఉన్న కళ్ళన్నీ సుజిత్ సార్ మీద వాలాయి. పొద్దుట్నుంచి అందరికంటే గట్టిగా అరిచింది ఆయనే. తాళాలు విసిరిందీ ఆయనే. సుజిత్ సార్ నుదుటి మీద చెమట పట్టింది.

"నేను... నేను వరండాలోనే కూర్చున్నానండీ. కాఫీ తాగి వెళ్ళిపోయాను. మీరే చూశారు కదా! ఆ గదిలోకి నేనెందుకెళ్తాను?"

"అవును, ఆయన లోపలికి రాలేదనే గుర్తు," అన్నారు చక్రపాణి గారు. ప్రణీత మేడం మెల్లగా, "కానీ మధ్యలో ఫోన్ వస్తే మీరు పెరట్లోకి వెళ్ళారేమో కదా సార్," అంది.

బిందు తల చటుక్కున తిరిగింది. వేరే వేరే రోజుల్లో వెళ్ళినవాళ్ళు కదా ఇద్దరూ. ఫోన్ వచ్చి చక్రపాణి గారు పెరట్లోకి వెళ్ళారని మేడానికి ఎలా తెలుసు, ఆమె వెళ్ళిన రోజున జరిగితే తప్ప?

అప్పుడు బస్సు మళ్ళీ కదిలింది ఆమె తలలో. అలియాబాద్. పరిగెత్తుకొస్తున్న బాలేష్. కానీ ఆ రోజు కిటికీ పక్కన కూర్చున్నది తను కాదు. అందుకే ఆ బొమ్మలో బాలేష్‌కి అడ్డంగా ఎప్పుడూ ఒక బంగారు జూకా ఊగుతూ ఉంటుంది. మేడం స్కూటీ షెడ్డులో ఉన్న రోజులవి. షామీర్‌పేటలోనే ఎక్కిన మేడం ఆ కిటికీ సీట్లో కూర్చుంటే, అలియాబాద్‌లో ఎక్కి పక్కన కూర్చుంది బిందు. మేడం ఒక్కో మాట చెవిలో చెప్తూ వచ్చింది. రాసుకోకు, రాస్తే మర్చిపోతావు, మనసులో పెట్టుకో అంది. అంతలో బాలేష్ కనబడ్డాడు. మేడం పగలబడి నవ్వింది. "ఇలాంటివాళ్ళకి ఒక పాత మాట ఉంది బిందూ. చెప్పనా?"

ఆ నవ్వు చెవుల్లో ఇంకా గింగురుమంటోంది. ఆ మాట దొంగమాటని తెలియక నవ్విన నవ్వు. తెలిసుంటే అలా గట్టిగా చెప్పేదా? తను బస్సంతా వినేలా బాలేష్‌ని పిలుస్తుంటే ఊరుకునేదా?

బిందు ఆమె వైపు చూసింది. మేడం కూడా చూసింది. ఆ చూపులో డబ్బాలో సగం పెట్టిన రోజులున్నాయి, ఆఖరి బెంచీ ఉంది, వద్దు అన్న వేడుకోలు ఉంది. భుజం మీద చెయ్యి ఇంకా అలాగే ఉంది. 

"చెప్పమ్మా," అన్నారు చక్రపాణి గారు. "నీకు ఎవరు చెప్పారు?"

బిందు పెదవులు కదిలాయి. సుజిత్ సార్ అంటే చాలు. అందరూ అప్పటికే నమ్మేశారు. మేడం కొలువు నిలుస్తుంది. బాపుని లాగించిన మనిషికి తగిన శాస్తీ అవుతుంది. మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ పక్కనే నిలబడ్డ తండ్రి తెగిన గుండీ కనబడింది ఆమెకు. చెయ్యని తప్పు నెత్తిన పడితే మనిషి ఎలా ఉంటాడో ఇందాకట్నుంచి చూస్తూనే ఉంది.

ఆమె తటపటాయింపు చూసి ప్రిన్సిపాల్ చేతులు జోడించినట్టు పెట్టాడు. "ఇదుగో, పిల్లని ఇబ్బంది పెట్టొద్దు. ఎవరైతేనేం, మన ఇంటి గొడవ. పోటీ రద్దయిందని చెప్పేద్దాం. నగేష్, నీ తాళాలు నువ్వు తీసుకో. నీ కొలువుకి ఢోకా లేదు. ఎవరి పేరూ బయటికి రాదు. కాలేజీ పరువు కూడా చూడాలి కదా. ఏమంటావమ్మా?"

మేడం ఊపిరి వదలడం బిందుకి వినబడింది.

నగేష్ బల్ల దగ్గరికి వెళ్ళాడు. తాళాలు తీసుకోలేదు. వాటి వంక చూశాడంతే.

"ఎవరి పేరు బయటికి రాదంటున్నరు సార్," అన్నాడు. "నా పేరు వచ్చింది గదా. మైకుల వచ్చింది. నా బస్సు పిల్లలు ఇన్నరు, బయట కాలేజీలోళ్ళు ఇన్నరు. ఇప్పుడు నేను పోయి తాళం తిప్పితె, దొంగ డ్రైవర్ను మాఫ్ జేసిన్రు అంటరు. రేపు నా బిడ్డ బస్సుల కూసుంటె దొంగ బిడ్డ అంటరు. గట్లొద్దు నాకు."

"మరేం కావాలి నీకు?"

"నాకేం వద్దు సార్."

అతను వెళ్ళి గది తలుపు బార్లా తెరిచాడు. వరండా నిండా జనం. బస్సు పిల్లలు, బయటి కాలేజీల వాళ్ళు, ఫోన్లు ఎత్తి పట్టుకున్నవాళ్ళు, బాలేష్ అందరికంటే ముందు.  నగేష్ తలుపు పక్కనే నిలబడి కూతురి వైపు తిరిగాడు.

"నీకెవలు చెప్పిన్రో నాకు తెల్వదు బిడ్డా. ఎవలైనా సరే, ఉన్నది ఉన్నట్టు చెప్పు. అందరికి ఇనబడేటట్టు చెప్పు."

బిందు తన భుజం మీది చేతిని రెండు చేతులతో పట్టుకుని మెల్లగా కిందికి దించింది. ఆ చెయ్యి మంచులా ఉంది. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నా గొంతు మాత్రం స్టేజీ మీద అర్థం చెప్పినప్పటిలాగే గట్టిగా, తడబాటు లేకుండా వరండా చివరిదాకా వెళ్ళింది.

"గా మాట నాకు చెప్పింది ప్రణీత మేడం."